రాయ్‌పూర్ కాఫీ బల్లల కబుర్లు

రాయ్‌పూర్ టీ ఊరు. తెల్లారితే పోహా, జిలేబీ, ఆపైన చిన్న గ్లాసులో అల్లం టీ. సాయంత్రమైతే ఆలూ గుండా వేగే ప్రతి బండి దగ్గరా మళ్లీ టీయే. ఆలూ గుండా అంటే మన ఆలుగడ్డ బోండానే. ఇలాంటి ఊళ్లో ఇండియన్ కాఫీ హౌస్ తరాల తరబడి నడుస్తోందంటే, జనం కాఫీ రుచి కోసమే వెళ్తున్నారని అనుకోలేం. టీ నిలబడి తాగి పోయేది. కాఫీకి కుర్చీ ఉంటుంది, బల్ల ఉంటుంది, బల్లకి అవతల మనిషి ఉంటాడు. కబుర్లకి కావలసిన సరంజామా అంతా అదే.

కాఫీ హోటల్లో కూర్చుంటే ఊరి సంగతి తెలుస్తుందనేది పాత మాటే. రాయ్‌పూర్‌లో దానికో మెలిక ఉంది. మధ్యప్రదేశ్‌లో ఒక మూలన పడి ఉన్న ఈ పట్నం 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాజధాని అయింది. పన్నెండేళ్లు తిరిగేసరికి సచివాలయం మూటాముల్లె సర్దుకుని ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో కట్టిన కొత్త నగరం నవా రాయ్‌పూర్‌కి వెళ్లిపోయింది. అధికారం ఊళ్లోకి వచ్చినప్పుడు కాఫీ బల్ల దగ్గర ఒక రకం మాట నడిచింది. అది వెళ్లిపోయాక ఇంకో రకం మాట మిగిలింది. ఆ మిగిలిందే అసలు రాయ్‌పూర్.

యజమాని లేని హోటలు

ముందు కాఫీ హౌస్ సంగతి. 1930లలో ఎగుమతులు దెబ్బతిని కాఫీ తోటలవాళ్లు దిక్కుతోచక ఉన్నప్పుడు, దేశంలోనే కాఫీ అలవాటు చెయ్యాలని కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదటి దుకాణం తెరిచింది. తర్వాత కాఫీ బోర్డు ఊరూరా శాఖలు పెట్టింది. 1950ల మధ్యలో అదే బోర్డు వాటిని మూసెయ్యాలనుకుంది. ఉద్యోగాలు పోయిన కార్మికుల పక్షాన నిలబడిన కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్, ‘మీరే సంఘం కట్టి నడుపుకోండి’ అని దారి చూపారు. 1957లో బెంగళూరులో మొదటి సహకార సంఘం పుట్టింది. అదే ఏడు అక్టోబరులో ఢిల్లీలో కార్మికులే నడిపే కాఫీ హౌస్ మొదలైంది. జబల్పూర్ కేంద్రంగా ఏర్పడిన సంఘం మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ఊళ్లకి కాఫీని తీసుకెళ్లింది. రాయ్‌పూర్, భిలాయ్, బిలాస్‌పూర్, కోర్బాలలో ఉన్నవన్నీ ఆ సంఘానివే.

వడ్డించేవాళ్లే వాటాదార్లు కాబట్టి ఇక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చుని కళ్లెర్రజేసే యజమాని ఉండడు. తెల్లటి యూనిఫాం, నడుముకి వెడల్పు పట్టీ, తల మీద విసనకర్రలా విచ్చుకున్న గంజిపెట్టిన తలపాగా. వెయిటరు మొదట నీళ్ల గ్లాసులు పెడతాడు, చీటీ మీద ఆర్డరు గీసుకుంటాడు, వెళ్లిపోతాడు. కాఫీ వస్తుంది, కప్పు ఖాళీ అవుతుంది. ఎవరూ వచ్చి ‘ఇంకేమైనా?’ అని గుచ్చరు. ఇంకో గంటకి చిన్న ప్లేటులో సోంపు, దానికింద బిల్లు. ఆ గంట వ్యవధే ఈ హోటలు అమ్మే అసలు సరుకు. ఈ సంఘాల్లో మొదట్నుంచీ మలయాళీలే ఎక్కువ. హిందీ ఊళ్లో, మలయాళీ చేతి దోసె తింటూ, ఛత్తీస్‌గఢీ యాసలో వాదించుకోవడం ఇక్కడివాళ్లకి ఎంత మామూలో బయటివాళ్లకి అంత వింత.

సచివాలయం పక్క వీధిలో ఉన్నప్పుడు

రాష్ట్రం రాకముందు రాయ్‌పూర్‌లో ఏ ఫైలు కదలాలన్నా భోపాల్ రైలెక్కాలి. అప్పటి కాఫీ బల్లల మీద రెండు రకాల మాటలుండేవి. మొదటిది అక్షరాల మాట. మాయారామ్ సుర్జన్ 1959లో మొదలుపెట్టిన పత్రికే తర్వాత ‘దేశబంధు’ పేరుతో ఈ ఊరి గొంతు అయింది. ఆ చుట్టూ రచయితలూ విలేకరులూ చేరారు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటూ ఈ ఊళ్లోనే బతికిన వినోద్ కుమార్ శుక్లా, ‘నౌకర్ కీ కమీజ్’ నవలలో రాసింది ఇలాంటి పట్నంలోని చిన్న గుమాస్తా బతుకునే. ఆయనకి 2024వ సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కి అదే మొదటిది. రెండోది ప్రత్యేక రాష్ట్రం మాట. డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ 1950లలోనే ఎత్తుకున్న ఆ కోరిక నలభై ఏళ్లపాటు బల్లల మీద నానింది.

రాష్ట్రం వచ్చింది. సచివాలయానికి భవనం లేదు. ఊరి నడుమ డి.కె.ఎస్. ఆసుపత్రిని ఖాళీ చేయించి ‘మంత్రాలయం’ పెట్టారు; సచివాలయాన్ని ఇక్కడ అలాగే అంటారు. దాంతో కాఫీ హౌస్ జాతకం మారిపోయింది. బస్తర్ నుంచి, సర్గుజా నుంచి బదిలీ కాగితాలు పట్టుకొచ్చిన టీచర్లు, టెండర్ల కోసం వచ్చిన కాంట్రాక్టర్లు, టికెట్ల కోసం వచ్చిన నాయకులు, వీళ్ల నోటి నుంచి వార్త లాగే విలేకరులు అందరూ అక్కడే. సంచీలో ఫైలు, చేతిలో కాఫీ కప్పు, చెవి మాత్రం పక్క బల్ల మీద. ఏ కార్యదర్శి ఏ శాఖకి పోతున్నాడో ఉత్తర్వు కంటే ముందు బల్ల మీద తెలిసేదని ఆ కాలం విలేకరులు ఇప్పటికీ ముచ్చటగా చెబుతారు.

2012 నవంబరులో మంత్రాలయం కొత్త నగరంలోని మహానదీ భవన్‌కి తరలింది. 2018లో డి.కె.ఎస్. భవనం మళ్లీ ఆసుపత్రి అయింది. బూఢా తాలాబ్ ఒడ్డున టెంట్లు వేసుకునే ధర్నా స్థలాన్ని కూడా 2022లో ఊరవతల తూతా దగ్గరికి పంపేశారు. 2025 నవంబరు 1న శాసనసభ కొత్త భవనం కూడా నవా రాయ్‌పూర్‌లోనే ప్రారంభమైంది. ఫైళ్లూ పోయాయి, ఫైళ్లకోసం వచ్చేవాళ్లూ పోయారు, నినాదాలూ పోయాయి.

కబుర్లంటే అధికారానికి ఎప్పుడూ కాస్త గుబులే. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ 1675లో కాఫీ హౌసులన్నీ మూయమని ప్రకటన చేసి, జనం గోల పెట్టేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నాడు. ఎమర్జెన్సీలో ఢిల్లీ కన్నాట్ ప్లేస్ కాఫీ హౌస్ నేలమట్టమైంది. రాయ్‌పూర్‌లో ఎవరూ దేన్నీ మూయలేదు, కూల్చలేదు. ఆఫీసులు దూరం జరిగాయంతే. దూరం జరిగితే చాలు, మాట తీరే మారిపోతుందని ఈ ఊరు చూపించింది.

వరి, మసి, క్రికెట్

మరి ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నారు? నవంబరు నుంచి జనవరి దాకా ఒకటే మాట: వడ్లు, ఇక్కడి మాటలో ‘ధాన్’. ‘టోకెన్ దొరికిందా? బార్దానా వచ్చిందా?’ అంటే కొనుగోలు కేంద్రంలో వంతు వచ్చిందా, గోనె సంచులు అందాయా అని. ఈ ప్రశ్న వేసేది రైతే కానక్కర్లేదు. బ్యాంకు గుమాస్తా కావచ్చు, వకీలు కావచ్చు. పట్నంలో కోటు తొడుక్కున్నా పల్లెలో రెండెకరాలున్నవాడు ఈ ఊళ్లో లెక్కకి మించి ఉన్నాడు. 2018 ఎన్నికల్లో క్వింటాలుకి 2,500 రూపాయల హామీ కాంగ్రెస్‌ని గద్దెనెక్కించడంలో పెద్ద పాత్ర పోషించింది. 2023లో ఎకరాకి 21 క్వింటాళ్లు, క్వింటాలుకి 3,100 అన్న హామీ బీజేపీకి కలిసొచ్చింది. సిద్ధాంతాల మీద ఎంత గొంతు చించుకున్నా ఇక్కడి రాజకీయ చర్చ చివరికి వచ్చి ఆగేది ఈ అంకెల దగ్గరే. ఛత్తీస్‌గఢ్‌ని ‘వరి గిన్నె’ అంటారు. ఇక్కడివాళ్లకి అది బిరుదుకన్నా నెలవారీ లెక్క.

ఎండలు ముదిరాక మాట మసి మీదికి మళ్లుతుంది. ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లో స్పాంజ్ ఐరన్ కొలిములు వరసగా ఉన్నాయి. ఉత్తరపు శివార్లలో డాబా మీద బట్టలారేస్తే సాయంత్రానికి నల్లటి పొడి. అదే బల్ల దగ్గర ఒకాయన ఆ కొలిమికి బొగ్గు సరఫరా చేసే కాంట్రాక్టరు, ఇంకొకాయన ఆ మసితో దగ్గు తెచ్చుకున్నవాడు అయివుంటారు. ఇద్దరూ కలిసే కాఫీ తాగుతారు. హస్‌దేవ్ అడవిలో బొగ్గు గనుల మాట వస్తే మాత్రం గొంతులు లేస్తాయి. చెట్లు ఎవరివి, కరెంటు ఎవరికి అన్నదగ్గర స్నేహాలు కూడా కాసేపు చల్లబడతాయి.

మిగతా రోజుల్లో క్రికెట్. 2023 జనవరి 21న నవా రాయ్‌పూర్‌లోని వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్, భారత్, న్యూజిలాండ్‌ల మధ్య వన్డే, జరిగింది. వీర్ నారాయణ్ సింగ్ సోనాఖాన్ జమీందారు. కరవులో వ్యాపారి కొట్టు తెరిపించి ధాన్యం పంచిన నేరంతో మొదలై, తిరుగుబాటు దాకా నడిచిన కథ ఆయనది. 1857 డిసెంబరు 10న ఆంగ్లేయులు ఆయన్ని చంపిన చోటుగా ఇక్కడివాళ్లు చూపించేది ఊరి మధ్యలోని జయస్తంభ్ చౌక్‌నే. స్టేడియం కొత్త నగరంలో ఉంది, పేరు మాత్రం పాత ఊరిది.

మనవాళ్ల బల్ల

తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగే బల్ల ఇంకొకటుంది. రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం 1930ల మొదట్లో పూర్తయింది. 1933లో తెరుచుకున్న విశాఖ రేవుకి మధ్య భారతపు ఖనిజాన్ని చేర్చడం దాని పని. బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన ఆ పట్టాల మీద ఖనిజం కిందికి దిగింది, మనుషులు పైకి ఎక్కారు. పార్వతీపురం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకి వచ్చినవాళ్లు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. 1955లో సోవియట్ ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పునాది పడ్డాక, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ వెలిగాక, ఇంకో దండు వచ్చింది. భిలాయ్ సెక్టార్ 5లోని బాలాజీ గుడి వాళ్లు కట్టుకున్నదే.

కాఫీ హౌస్‌లో తెలుగు వినపడితే తలతిప్పని తెలుగువాడు ఉండడు. పక్క బల్ల పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, ‘ఏటి బాబూ, ఇసాపట్నం నుంచేనా?’ అన్నారు. రైల్వేలో చేసి రిటైరయ్యారట. ‘మా నాన్న గ్యాంగులో పనిసేసీవోడు. నేనిక్కడే పుట్టీసినాను, ఇక్కడే సర్వీసూ అయిపోనాది. మావోళ్లకి తెలుగు వొచ్చు గానీ సదవలేరు.’ ఇంతలో ఇంకెవరో రాగానే, ‘కా హాల్ హే సంగవారీ?’ అని ఛత్తీస్‌గఢీలోకి దిగిపోయారు. వెయిటరుని హిందీలో పిలిచారు. ఇదేదో గొప్ప అని ఆయన అనుకోలేదు. ఈ ఊళ్లో బతకడమంటే అదే.

ఈ ఊళ్లో వలస రానివాడెవడని వెతికితే కాఫీ హౌస్ సగం ఖాళీ అవుతుంది. దేశవిభజనలో వచ్చిన సింధీలు బట్టల బజారు పట్టుకున్నారు. 1960లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులు మానా క్యాంపులో దిగారు. మార్వాడీలు, గుజరాతీలు, ఒడియాలు, మరాఠీలు సరేసరి. అందుకే ఇక్కడ గట్టిగా వినిపించే వాదనల్లో ఒకటి, ‘అసలు ఛత్తీస్‌గఢియా ఎవరు?’ అన్నది. ‘ఛత్తీస్‌గఢియా సబ్‌సే బఢియా’, అంటే ఛత్తీస్‌గఢ్ మనిషే అందరికన్నా మేలు అని అందరూ నవ్వుతూ అంటారు. ఉద్యోగాల జాబితా బయటికొచ్చిన రోజున ఆ నవ్వు ఉండదు.

ఠేఠ్రీ, ఖుర్మీ, సొంత గొంతు

ఆ వాదనకి ఊరు ఇచ్చుకున్న జవాబు ఇంకో చోట కనిపిస్తుంది. 1875లో రాజ్‌నాంద్‌గావ్ రాజు మహంత్ ఘాసీదాస్ స్థాపించిన మ్యూజియం ఆవరణలో 2016 జనవరి 26న ‘గఢ్ కలేవా’ మొదలైంది. స్వయం సహాయక బృందం ఆడవాళ్లు వండి వడ్డిస్తారు. బియ్యప్పిండితో చీలా, ఆవిరి మీద ఉడికించిన ఫరా, శనగపిండి ఠేఠ్రీ, బెల్లం వేసిన ఖుర్మీ. చీలాని చూస్తే మన అట్టుకి దగ్గరి చుట్టం. ఎండాకాలంలో ఇక్కడివాళ్లు తినే బోరే బాసీ అచ్చంగా మన చద్దన్నమే. 2022లో మే డే రోజున అందరూ బాసీ తినాలని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. కలెక్టర్లు గిన్నెలు పట్టుకుని ఫొటోలు దిగారు. కాఫీ బల్లల మీద నెలరోజులు దానిమీదే జోకులు, దాంతోపాటే కాస్త గర్వం.

గఢ్ కలేవాలో వినిపించే మాట వేరు. కాఫీ హౌస్‌లో హిందీ పైచేయి. ఇక్కడ కుటుంబాలు ఛత్తీస్‌గఢీలో ధైర్యంగా మాట్లాడుకుంటాయి. ఆ ధైర్యం ఒక్కరోజులో రాలేదు. ఈ ఊళ్లోనే 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్, నాచా అనే జానపద నాటకం ఆడే పల్లె కళాకారుల్ని వాళ్ల యాసతోనే రంగస్థలం ఎక్కించి, 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’తో దాన్ని ఎడిన్‌బరో దాకా వినిపించారు. 2007లో ఛత్తీస్‌గఢీకి రాజభాష హోదా వచ్చింది. పట్నంలో నాలుక మడిచి దాచుకున్న మాట ఇప్పుడు పలహారం బల్ల దగ్గర బయటికొస్తోంది.

చేతులతో చెప్పుకునే కబుర్లు

మూడో బల్ల కుర్రకారుది. ఇంజనీరు ప్రియాంక్ పటేల్ 2013లో సమతా కాలనీలో మొదలుపెట్టిన ‘నుక్కడ్’ టీ కేఫేలో వడ్డించేవాళ్లలో చాలామంది వినలేనివాళ్లు, మాట్లాడలేనివాళ్లు. ఆర్డరు చీటీ మీద రాసివ్వాలి, లేదా సైగ నేర్చుకోవాలి. మొదటిసారి వచ్చినవాళ్లు అలవాటుకొద్దీ గొంతు పెంచుతారు. రెండోసారి వచ్చేసరికి వేళ్లతో ‘అల్లం టీ’ అనడం, ‘థాంక్స్’ అనడం వచ్చేస్తుంది. పోటీ పరీక్షల పుస్తకాలు, గిటారు, అప్పుడప్పుడూ కవితలు. మాట్లాడ్డం కోసమే పెట్టిన చోట మాటలేని మనిషికి జీతమూ గౌరవమూ దొరకడం ఈ ఊరు చెప్పుకోదగ్గ సంగతి.

కాఫీ హౌస్‌లో సాయంత్రం బల్లలన్నీ దాదాపు మగవాళ్లవే. ఆడవాళ్లు కుటుంబంతో వస్తారు, దోసె తిని వెళ్తారు. నుక్కడ్ లాంటి చోట్ల, మాల్స్‌లోని ఖరీదైన కేఫేల్లో అమ్మాయిలు గంటల తరబడి కూర్చుంటున్నారు. ఆ మేరకు ఊరు మారింది. అయితే మాల్ కేఫేలో ఒక కప్పు ఖరీదు కాఫీ హౌస్‌లో ఇద్దరి పలహారం ఖరీదు. జేబుని బట్టి, వయసుని బట్టి బల్లలు వేరవుతున్నాయి. ఒకప్పుడు గుమాస్తా, నాయకుడు, విద్యార్థి ఒకే పైకప్పు కింద ఒకరి మాట ఒకరు విన్నారు. ఇప్పుడు ఎవరి మాట వాళ్లే వింటున్నారు. రాయ్‌పూర్‌కి జరిగిన నష్టం ఏదైనా ఉంటే ఇదే.

ఏ బల్ల దగ్గరా కనిపించనివాళ్లు ఇంకా ఉన్నారు. పొద్దున్నే కూలి అడ్డాల్లో, ఇక్కడి మాటలో ‘చావడీ’ల్లో, గమేలా పట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లు టీ బండి దాటి రారు. ఇదే రాష్ట్రంలోని బస్తర్ నుంచి ఏటా వేలమంది మన మిరప చేలల్లో కాయ కొయ్యడానికి వస్తారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్‌కి నడుస్తూ పన్నెండేళ్ల పిల్ల ఇంటికి చేరకుండానే ప్రాణం విడిచింది. కాఫీ బల్ల ఊరికి అద్దం అనేవాళ్లు అందులో పడని ముఖాల్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

దర్భ నుంచి వచ్చిన గింజ

చివరగా కాఫీ గింజ మాట. కాఫీ ఇక్కడికి ఎప్పుడూ దక్షిణం నుంచి వచ్చిన చుట్టమే. 2017 నుంచి బస్తర్‌లోని దర్భ ప్రాంతంలో జగ్దల్‌పూర్ ఉద్యాన కళాశాల చేయూతతో ఆదివాసీ రైతులు కాఫీ వేస్తున్నారు. ‘బస్తర్ కాఫీ’ పేరుతో పొట్లాలు వస్తున్నాయి. మన అరకు కాఫీలాగే ఇదీ కొండమీది ఆదివాసీల పంటే. అయితే రాయ్‌పూర్‌లో దర్భ అనగానే ఒక తరానికి గుర్తొచ్చేది 2013 మే 25. ఆ రోజు అక్కడి ఝీరమ్ లోయలో మావోయిస్టుల దాడిలో రాష్ట్ర కాంగ్రెస్ నాయకత్వం చాలామటుకు తుడిచిపెట్టుకుపోయింది. గాయపడిన కాంగ్రెస్ నాయకుడు, రాయ్‌పూర్ వాసి విద్యాచరణ్ శుక్లా తర్వాత కన్నుమూశారు. కాఫీ హౌస్‌లో దర్భ పేరు ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతారు. కుర్రవాళ్ల బల్ల మీద మాత్రం అదే పేరు కాఫీ పొట్లం మీద కనిపిస్తోంది. రెండు తరాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఈ రెండు దర్భలూ ఒకటేనని ఎవరికీ తట్టదు.

రాయ్‌పూర్ చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒక మాట. విశాఖ నుంచి రైల్లో దాదాపు 530 కిలోమీటర్లు. సమతా ఎక్స్‌ప్రెస్ ఎప్పటినుంచో ఉంది, 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ కూడా నడుస్తోంది. కొత్త నగరపు వెడల్పాటి రోడ్లు చూసి ఊరు చూశామనుకుని తిరిగి రాకండి. ఒక పూట కాఫీ హౌస్‌లో, ఒక పూట గఢ్ కలేవాలో, ఒక పూట నుక్కడ్‌లో కూర్చోండి. పొద్దున్నే ఏదైనా చావడీ పక్కన టీ బండి దగ్గర కూడా నిలబడండి. ఈ నాలుగు చోట్లా విన్నది కలుపుకుంటేనే రాయ్‌పూర్ అవుతుంది.